మూడో నకలు

ముప్పై ఒకటి దగ్గర ఆగింది. నిజంగా ఆగిందో, రెప్ప వేయకుండా చూస్తుండటం వల్ల ఆగినట్టు కనిపిస్తోందో ఆమెకు తెలియడం లేదు. తెర మీద ఒక సన్నటి ఆకుపచ్చ పట్టీ, దాని పక్కన ఒక అంకె, అంతే. ఈ గదిలో ఉన్న అయిదుగురితో గాని, గోడకవతల హాల్లో బెంచీలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్న రెండు వందల మందితో గాని తనకేమీ సంబంధం లేనట్టు ఆ పట్టీ తన పాటికి తను ఎడమ నుంచి కుడికి పాకుతోంది, పాకుతోందని నమ్మాలి. కళ్ళు మూసుకుంది. రెప్పల వెనక కూడా ముప్పై ఒకటే. తెరిచింది. ముప్పై రెండు. హమ్మయ్య అనబోయి నోరు నొక్కుకుంది. తను గట్టిగా ఊపిరి వదిలినా చాలు, వెనకనున్న వాళ్ళందరూ ఒక్కసారిగా "ఏమైంది?" అంటున్నారు. ఇందాక తుమ్మితే పెద్ద డాక్టరుగారు కుర్చీలోంచి సగం లేచారు. ఈ ఆసుపత్రి మొత్తానికి పెద్ద అయిన మనిషి, ఎన్ని వేల గుండెలు కోసి కుట్టిందో తనకే లెక్క తెలియని మనిషి, ఒక పాతికేళ్ళ పిల్ల తుమ్ముకు లేచి నిలబడటం చూస్తే, మరో రోజయితే నవ్వొచ్చేది.

మొన్న సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలైంది. ముందు మందుల కౌంటర్లో కంప్యూటరు నల్లబడింది, తర్వాత ఎక్స్‌రే గదిలో, తర్వాత పై అంతస్తుల్లో ఒక్కో వార్డులో, దీపాలార్పుకుంటూ ఎవరో మెట్లెక్కి వెళ్తున్నట్టు. ప్రతి నల్లటి తెర మీదా అవే నాలుగు ఎర్ర వాక్యాలు. మీ దస్త్రాలన్నిటికీ మేము తాళం వేశాం, చెవి కావాలంటే అడిగినంత కట్టండి, ఆలస్యమైతే అదీ ఉండదు. ఎక్కడున్నారో, ఎవరో, ఎంతమందో తెలియదు. లక్షా ఇరవై వేలమంది రోగుల వివరాలు, ఎవరి రక్తం ఏ గ్రూపు, ఎవరికి ఏ మందు పడదు, ఎవరికి పోయినసారి మత్తిచ్చినప్పుడు ఊపిరి నిలిచినంత పనైంది, అన్నీ ఒక్క మధ్యాహ్నంలో అర్థంలేని గీతలైపోయాయి. పదకొండు ఆపరేషన్లు ఆగాయి. ఆరో నంబరు గదిలో ఉన్న టీచరమ్మకు గుండె కవాటం మార్చాలి, ఇక వాయిదా వేయడానికి లేదు, కానీ ఆవిడకు వెనకటి ఆపరేషన్లో ఏదో మందు వికటించింది, ఏ మందో ఆవిడకు గుర్తులేదు, ఆ సంగతి రాసినచోటు తాళంలో ఉంది. "అది తెలియకుండా నేను కత్తి పట్టను" అన్నాడు సర్జను, న్యాయంగానే. ఆవిడ నంబరున్న చీటీ హెడ్ సిస్టర్ చేతిలో ఉంది. నిన్నటినుంచీ ఆ చీటీ ఆ చేతిలోనే ఉంది, చెమటకు మెత్తబడి గుడ్డపేలికలాగా అయింది.

ముప్పై అయిదు. రోగుల వివరాల మొదటి నకలు పెద్ద సర్వరులోనే ఉండేది, అది పోయింది. రెండోది పక్కగదిలో ఇంకో యంత్రంలో, రెంటికీ మధ్య తీగ ఉంది గనుక అదీ పోయింది. మూడోది ఇది. పుస్తకమంత డిస్కు. ఏ తీగా లేకుండా, ఏ యంత్రంతోనూ మాటల్లేకుండా, దుప్పట్ల గదిలో ఇనప బీరువాలో కింది అరలో ఉండేది. ప్రతి శుక్రవారం పొద్దున్న ఆమే తీసుకొచ్చి, తగిలించి, నకలు దింపి, విప్పేసి, మళ్ళీ బీరువాలో పెట్టేది. "మూడెందుకమ్మా, పెళ్ళివారి ఫొటోలా?" అని ఎగతాళి చేశారు ఆఫీసులో. మూడు నెలల కింద ఆ నకలు మొత్తం తెరుచుకుంటుందో లేదో పరీక్షించడానికి ఖాళీ యంత్రం ఒకటి కావాలని అడిగింది, లేదన్నారు, వచ్చే ఏడు చూద్దామన్నారు. చిన్న ముక్క తీసి చూసుకుంది, తెరుచుకుంది. ముక్క తెరుచుకుంటే మొత్తం తెరుచుకుంటుందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఇంకా గట్టిగా అడగాల్సింది, పోట్లాడాల్సింది, ఆ బల్ల మీద కూర్చుని యంత్రం ఇచ్చేదాకా లేవను అనాల్సింది. నిన్న పొద్దున్న కంప్యూటరు భద్రత చూసే కంపెనీ తరఫున వచ్చిన నిపుణుడు, మెడకు టై, చేతికి రెండు ఫోన్లు, అందరి ముందూ అదే అడిగాడు. "ఈ డిస్కు తెరుచుకుంటుందని గ్యారంటీ ఏమిటి?" గ్యారంటీ లేదు సార్ అంది. ఆయన చేతులు చాపి పెద్ద డాక్టరు వైపు తిరిగాడు, విన్నారుగా, అడిగింది కట్టేయడమే మేలు అన్నట్టు. అప్పుడు తనే అంది, గొంతు వణకలేదు, ఎందుకు వణకలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే. "వాళ్ళిచ్చే తాళంచెవికీ గ్యారంటీ లేదు సార్. ఈ డిస్కుని నా చేత్తో నేను నింపాను. వాళ్ళెవరో నాకు తెలీదు." పెద్ద డాక్టరుగారు అయిదు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడి, "ఈ అమ్మాయి చెప్పినట్టే చేద్దాం" అన్నారు. యంత్రాలన్నీ కడిగినట్టు తుడిచి, ఒక్కోటీ చూసి, శుభ్రమని నమ్మకం కుదిరాక, ఇదిగో ఈ పొద్దున్న ఎనిమిదింటికి డిస్కు తగిలించింది. అందులో ఉన్నదంతా సర్వరులోకి ఎక్కడానికి గంటన్నర పడుతుందని చెప్పింది.

నలభై. కడిగినట్టు తుడవడం అమ్మ మాట. అమ్మ దర్జీ పని చేసేది, ఇప్పటికీ చేస్తుంది, ఇంట్లో ముందుగది నిండా జనం బట్టలే. ఎవరైనా కొత్త గౌను చూపించి ఎంత బాగుందో చూడమంటే అమ్మ పైన చూసేది కాదు, తిరగేసేది. లోపలి కుట్టు చూసేది. పైన ఎవరైనా మెరిపిస్తారే, లోపల దారం ఎక్కడ ముడేశారో చూడు, ఎక్కడ వదిలేశారో చూడు, రేపు చినిగేది అక్కడే. పదేళ్ళ వయసులో ఆ మాట చెవికి ఎక్కలేదు గాని కంటికి అలవాటైపోయింది. ఏ వస్తువైనా తిరగేయడం. గడియారం, రేడియో, పక్కింటివాళ్ళ ఇస్త్రీపెట్టె. ఇస్త్రీపెట్టె మళ్ళీ కలపలేకపోయినందుకు నాన్న చేత తిట్లు. లెక్కల పరీక్ష తప్పడం, మళ్ళీ రాసి మళ్ళీ తప్పడం, ఇక కాలేజీ వద్దులే అని ఎవరూ అనకుండానే అందరికీ అర్థమైపోవడం, వీధి చివర జిరాక్స్ షాపులో పనికి కుదరడం. అప్పటికి పదిహేడేళ్ళు. రెండు జిరాక్స్ మిషన్లు, ఒక ముసలి కంప్యూటరు, దాని పక్కన ప్లాస్టిక్ స్టూలు.

ఆ స్టూలు మీద ఆవిడ కూర్చున్న తీరు. ఏడనిమిదేళ్ళు అయింది గాని నిన్ననే చూసినట్టు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అక్క, పెద్ద కళ్ళద్దాలు, సంచీకి పెన్నులు గుచ్చుకుని వచ్చేది. మర్నాడు సమర్పించాల్సిన పుస్తకం ప్రింటు తీయమని పెన్ డ్రైవు ఇచ్చింది. తను తీసుకుని గుచ్చింది. అంతకు గంట ముందు ఎవడో పాటల పెన్ డ్రైవు తెస్తే అదీ అదే రంధ్రంలో గుచ్చింది, ఆలోచించకుండా, గుండీ పెట్టుకున్నంత మామూలుగా. వాడి దాంట్లో ఉన్న వైరసు పురుగు షాపు కంప్యూటరులోకి, షాపు కంప్యూటరులోంచి ఈవిడ దాంట్లోకి. తెర మీద పేర్లన్నీ ఉన్నాయి, ఏదీ తెరుచుకోలేదు. నాలుగేళ్ళు చీమల్ని లెక్కపెట్టాను, అందావిడ. అరవలేదు. ఆ స్టూలు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, నాలుగేళ్ళు, ఎండలో కూర్చుని, చీమల్ని, అంది మళ్ళీ. ఇంకో కాపీ లేదా అక్కా అని అడిగితే, ఉంది, ఇందులోనే ఉంది, అని నవ్వింది, ఆ నవ్వు ఎవరికీ వద్దు. షాపాయన కరెంటు మీద నెపం వేస్తున్నాడు. తను ఆవిడ వెనకాలే వీధిలోకి పరిగెత్తి, నావల్లే అక్కా, నేనే గుచ్చాను అని చెప్పేసింది. ఆవిడ ఆగి చూసింది. "తెలిసి చేశావా?" "లేదక్కా." "అయితే తెలుసుకో" అంది, వెళ్ళిపోయింది. కొట్టి ఉంటే మర్చిపోయేదేమో.

తెలుసుకో. ఎక్కడ? ఎవరు చెప్తారు? పక్క కిరాణా షాపువాళ్ళు పొట్లాల కోసం కిలోల లెక్కన కొన్న పాత పుస్తకాల్లో కంప్యూటరు పుస్తకాలు ఏరింది, కొన్నిటికి మొదళ్ళు లేవు, కొన్నిటికి చివర్లు లేవు, ఇంగ్లీషు ముక్కకు ముక్క డిక్షనరీ పెట్టుకుని చదివింది, ఒక పేజీ ఒక వారం. ఎవరో ఆఫీసు ఖాళీ చేస్తూ పారేసిన కంప్యూటర్లు రెండు నాన్న తను నడిపే బస్సు వెనక సీటులో వేసుకొచ్చాడు, వాటిని పక్కపక్కన పెట్టి ఒకదాంతో ఇంకోదాని మీద దాడి చేయించేది. పొద్దున్న దొంగ తనే, సాయంత్రం కాపలా తనే. దొంగ గెలిచిన రోజు కాపలావాడి మీద కోపం, కాపలావాడు గెలిచిన రోజు దొంగ మీద జాలి. "రెండు పెట్టెలకీ పోట్లాట పెట్టి మధ్యలో నువ్వు తీర్పరివా?" అనేది అమ్మ. ఎన్నిసార్లు రెండూ చచ్చిపోయాయో, ఎన్నిసార్లు మళ్ళీ మొదటినుంచీ ప్రాణం పోసిందో. వేల మైళ్ళ దూరంలో ఉన్న ముక్కూ మొహం తెలియని వాళ్ళను నెట్‌లో ప్రశ్నలు అడిగేది, వాళ్ళు చెప్పేవాళ్ళు, కొందరు ఎగతాళి చేసేవాళ్ళు, ఎగతాళిలో కూడా ఒక సంగతి దొరికేది, ఏరుకునేది. అర్థమైన రోజు ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు. అమ్మకు చెప్తే "సరే గాని, ఆ గుండీలు కుట్టు" అనేది, తను గుండీలు కుడుతూ లోపల్లోపల ఎగురుతుండేది.

ఫోను వణికింది. నాన్న. హాల్లో ఎంతమంది ఉన్నారో, తెర మీద అంకె ఎంతో, ఏమీ అడగడు. "తిన్నావా?"

"తిన్నాను నాన్నా." అబద్ధం.

"తినలేదన్నమాట. సరే, పని కానీ. నేను రెండో ట్రిప్పు బయల్దేరుతున్నా" అని పెట్టేశాడు. ముప్పై ఏళ్ళుగా బస్సు నడుపుతున్న మనిషి మాటలు స్టాపుకి స్టాపుకి మధ్య పట్టేంతే ఉంటాయి. యాభై రెండు. సగం దాటింది. ఆ ఖాకీ చొక్కా. ఆ చొక్కాతోనే ఆ రోజు పోలీసు స్టేషనుకి వచ్చాడు.

నాన్న లైసెన్సు కొత్తది తీసుకోవడానికి రక్తపరీక్ష కావాలన్నారు, ఇదే ఆసుపత్రిలో చేయించుకున్నాడు, రిపోర్టు ఫోనుకి లింకు వచ్చింది. ఆ లింకు చివర ఒక నంబరు, ఆఖరి అంకె ఏడు. ఆ ఏడుని చూస్తే అమ్మ బట్ట తిరగేసినట్టు చేతులు ఊరుకోలేదు, ఎనిమిది చేసింది. ఎవరో ఒకావిడ పేరు, వయసు, ఊహించని జబ్బు, అంతా బట్టబయలుగా కళ్ళముందు. స్నానాలగది తలుపు పొరపాటున తోసినట్టు చటుక్కున మూసేసింది. పొరపాటేమో, ఈ ఒక్కటే ఇలా ఉందేమో, నిర్ధారించుకోవాలి కదా అని ఇంకొక్కటి, ఒక్కటంటే ఒక్కటి చూసింది. అదీ తెరుచుకుంది. అంటే ఊరందరి జబ్బులూ వీధిలో ఆరేసినట్టే ఉన్నాయి. కాగితం తీసుకుని రెండు పేజీలు రాసింది, ఎక్కడ వదులుగా ఉందో, ఎలా బిగించాలో, తను ఎన్ని చూసిందో, రెండు, ఏ రోజు ఏ గంటకు చూసిందో, కింద సంతకం, ఇంటి చిరునామా. ఇక్కడి పరిపాలనాధికారి, ఏఓ గారు, ఆ రెండు పేజీల్లో మొదటి నాలుగు లైన్లు చదివి తలెత్తాడు. "నిన్నెవరు చూడమన్నారు?" ఏం చెప్పాలా అని తను ఇంకా ఆలోచిస్తుండగానే ఆయన పోలీసులకు ఫోన్ చేశాడు.

స్టేషన్లో బెంచీ. ఒక కాలు పొట్టి, కదిలితే టకటకమనేది. ఇరవై ఒకటో ఏడు, చేతిలో ఏ పట్టా లేదు, చెప్పుకోవడానికి జిరాక్స్ షాపు తప్ప ఊరూ పేరూ లేదు. రెండు చూశావా, రెండు వందలు చూశావా? రెండు సార్. ఎవరికమ్మావు? ఎవరికీ లేదు సార్. మూడు గంటలు అవే ప్రశ్నలు. అప్పుడు నాన్న, బస్సు డిపోలో వదిలేసి, అదే చొక్కాతో. తన వైపు చూడలేదు, తిన్నగా అధికారి బల్ల దగ్గరికి వెళ్ళి, మా అమ్మాయి రాసిన కాగితం మీరు చదివారా సార్ అని అడిగాడు. ఆయన చదవలేదు. నాన్న నిలబడి ఉన్నవాడల్లా కూర్చుని ఆ రెండు పేజీలూ వేలు పెట్టి నెమ్మదిగా మొత్తం చదివాడు, ఒక్క ముక్క అర్థమై ఉండదు, చదివి, మడిచి, బల్ల మీద పెట్టాడు. "దొంగతనానికి వచ్చినవాడు సంతకం పెట్టి, చిరునామా రాసి, గడియ ఎలా బిగించుకోవాలో చెప్పి వెళ్తాడా సార్?" అధికారి కాసేపు కాగితం చూశాడు, కాసేపు నాన్నను చూశాడు, నవ్వేశాడు. ఇంటి మలుపు దగ్గర నాన్న అన్నాడు, "రెండో పేజీలో 'భద్రత'కి ఒత్తు పెట్టలేదు నువ్వు. దిద్దుకో." ఆ రాత్రి ఏడుస్తుందనుకుంది, ఏడుపు రాలేదు, కొత్తగా ఏదో నిటారుగా నిలబడింది లోపల.

అరవై ఎనిమిది. మూడోరోజున పెద్ద డాక్టరుగారు కబురు చేశారు. పోలీసు అధికారి నుంచి ఆ కాగితం ఆవిడ బల్ల మీదికి చేరింది. "ఇది రాసింది నువ్వేనా? కూర్చో. నాకు కంప్యూటర్లు తెలియవు, గుండెలు తెలుసు. నాకు అర్థమయ్యేలా చెప్పు." బల్ల మీద హాలు టోకెన్ల కట్ట ఉంటే అవి పరిచి చెప్పింది. పేరు, పుట్టినతేదీ అడక్కుండా చీటీ మీద నంబరు చూసి మాత్రమే లోపలికి పంపిస్తే, నంబరు దిద్దుకున్నవాడు ఇంకొకడి మంచం దగ్గరికి వెళ్తాడు. అంతే డాక్టరుగారూ. ఆవిడ ఒక టోకెను తీసి తిప్పి చూసి, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి అని అడిగారు. తెలియదండీ, వెతకాలి. అయితే వెతుకు, ఈసారి నేను చూడమంటున్నాను. ఆ మాట! మొదట మూడు నెలలకని ఒక కుర్చీ వేశారు, ఆ కుర్చీ కిటికీ పక్కన కూడా కాదు, మెట్ల కింద. పదిహేడు లోపాలు పట్టింది, పదిహేడూ మూయించింది. ఆసుపత్రి వాడే ప్రోగ్రాము తయారుచేసిన పెద్ద సంస్థలోనే ఒక లోపం కనిపెట్టి రాస్తే, వాళ్ళు ఆరు వారాలు మాట్లాడకుండా ఉండి, తర్వాత సరిచేసి, కృతజ్ఞతల జాబితాలో ఆమె పేరు వేశారు, ప్రపంచమంతా చూసేచోట. అమ్మ ఆ పేజీ ప్రింటు తీయించి కుట్టుమిషను పైన గోడకి అంటించింది, పిండి జిగురుతో, ఊడకుండా. గౌన్ల కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళందరికీ అది చూపిస్తే గాని టేపు తీయదట. తర్వాత ఇంకో రెండు ఆసుపత్రులు పిలిచాయి, ఒక పెద్ద సభలో మాట్లాడమన్నారు, అక్కడ అందరి మెడల్లో వేలాడే కార్డు మీద పేరు కింద చదువు ఉంది, తన కార్డులో ఆ జాగా ఖాళీ. ఆ ఖాళీని దాచడానికి మొదటిరోజు కార్డు తిప్పి వేసుకుంది. రెండోరోజు తిప్పుకోలేదు. తన మాటలయ్యాక నెరిసిన తలలు లైనులో నిలబడి సందేహాలు అడిగాయి. మెట్ల కింద కుర్చీ పోయి గది వచ్చింది, గదికి బోర్డు వచ్చింది, తన కింద ఇద్దరు మనుషులు వచ్చారు, ఇద్దరూ తనకంటే పెద్దచదువులు, "మేడమ్" అంటారు, మొదట్లో వెనక ఇంకెవరున్నారా అని తిరిగి చూసేది.

డెబ్బై ఆరు. పక్కన కుర్చీ జరిగిన చప్పుడు. ఏఓ గారు. నిన్నటినుంచీ ఇంటికి వెళ్ళలేదాయన, గడ్డం తెల్లగా మొలిచింది. తెర వంకే చూస్తూ, పెదవులు కదలకుండా అడిగాడు.

"నా దగ్గర్నుంచే కదూ?"

తెలుసు. సోమవారం పన్నెండూ నలభైకి, మందుల సరఫరాదారు పంపినట్టుగా వచ్చిన ఒక ఉత్తరం, బిల్లు జతచేశాం చూడండి అని. అది తెరిచిన యంత్రం ఆయనది. నిన్న సాయంత్రం ఆ జాడ కళ్ళపడ్డప్పుడు ఏమనిపించిందో ఆమె తనకు తాను అబద్ధం చెప్పుకోదలచుకోలేదు. ఒక్క క్షణం తియ్యగా ఉంది. మిమ్మల్నెవరు తెరవమన్నారు సార్, అని ఈ గదిలో, అందరి ముందూ. ఆ మాట నాలుక మీద సిద్ధంగా ఉంది కూడా. కానీ ఆ వెంటనే ప్లాస్టిక్ స్టూలు, కళ్ళద్దాలు, నాలుగేళ్ళ చీమలు. గుండీ పెట్టుకున్నంత మామూలుగా గుచ్చిన చెయ్యి తనదే. టై కట్టుకున్న నిపుణుడు ఇప్పటికి మూడుసార్లు అడిగాడు, తలుపు తెరిచిన మహానుభావుడెవరు అని. మనిషి సంగతి తర్వాత సార్, ఒక మనిషి ఒక్క ఉత్తరం తెరిస్తే ఆసుపత్రంతా పడిపోయేలా కట్టుకున్నాం మనం, ముందు అది రాసుకుందాం, అని మూడుసార్లూ అదే చెప్పింది.

"అవును సార్" అంది.

"ఎవరికీ చెప్పలేదేం?"

"ఏం జరిగిందో అంతా రాశాను సార్, ఏ యంత్రమో కూడా. పేరు రాయలేదు. చాలా నమ్మకంగా కట్టారు సార్ ఆ ఉత్తరాన్ని. ఎవరైనా తెరుస్తారు."

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "ఆ రోజు నిన్ను స్టేషన్లో కూర్చోబెట్టాను."

"మూడు గంటలు." అనాలనుకుని అనలేదు, వచ్చేసింది.

"మూడు గంటలా?" తలతిప్పి మొదటిసారి ఆమెను చూశాడు. "ఇన్నాళ్ళూ గంటే అనుకున్నాను."

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, లేచాడు, గది దాటి పెద్ద డాక్టరు ముందు నిలబడ్డాడు. అందరికీ వినిపించేలాగే చెప్పాడు, నా కంప్యూటరులోంచి వచ్చింది మేడమ్, నేనే తెరిచాను అని. నిపుణుడు నోరు తెరిచాడు, ఆవిడ చెయ్యి ఎత్తి ఆపారు. "తర్వాత మాట్లాడుకుందాం. వార్డు పుస్తకాలు ఎక్కించడానికి మనుషులు కావాలి, మీరు వాళ్ళని పోగుచెయ్యండి." ఆయన వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఆమె వైపు తల ఊపాడు, నమస్కారానికి దగ్గరగా ఉంది అది. ఆమె ఛాతీలో ఏదో విప్పారింది. కృతజ్ఞతల జాబితాలో పేరు చూసినప్పుడు ఇంత కాలేదు. నాలుక మీద ఉన్న మాటను మింగగలిగాను, అది ఎవరూ నేర్పలేదు, అది కూడా నేనే నేర్చుకున్నాను, అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడలేదు.

తొంభై. తొంభై ఒకటి. వార్డు పుస్తకాలు. శుక్రవారం తొమ్మిదింటి తర్వాత జరిగినవేవీ ఈ డిస్కులో ఉండవు, అవి నర్సులు చేత్తో రాసిన పుస్తకాల్లోనే ఉన్నాయి. కంప్యూటరులో ఎక్కించాక మళ్ళీ చేత్తో ఎందుకు రాయాలని హెడ్ సిస్టర్ ఏడాదిపాటు సణిగింది, సణుగుతూనే రాయించింది, ముత్యాల్లాంటి అక్షరాలతో. తొంభై ఆరు. తొంభై తొమ్మిది. ఆగింది. ఈసారి నిజంగా ఆగింది. గోడగడియారం ముల్లు ఒక చుట్టు, ఇంకో చుట్టు. ఇది మామూలే, చివర్లో లెక్క సరిచూసుకుంటుంది, రాసింది రాసినట్టు ఉందా లేదా అని తనే చదువుకుంటుంది, మామూలే, నేను పెట్టిన పనే అది, నేనే పెట్టాను. మూడో చుట్టు. నిపుణుడు గొంతు సవరించుకున్నాడు. సవరించుకోవద్దు సార్, దయచేసి. అరచేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఒకవేళ ఇది తెరుచుకోకపోతే, అనుకోబోయి, ఆ వాక్యాన్ని సగంలో వదిలేసి, ఇన్ని శుక్రవారాలు వెనక్కి లెక్కపెట్టింది. ఒక్కటైనా ఎగ్గొట్టిందా? జ్వరం వచ్చిన శుక్రవారం వచ్చింది. వానకు బస్సులు ఆగిన శుక్రవారం నడిచి వచ్చింది. పనిలో వదిలేసిన కుట్టు లేదు. అంతవరకూ తనది. మిగతాది దానిది.

వంద.

పట్టీ మాయమై పేరూ నంబరూ అడిగే మామూలు తెల్ల పెట్టె వచ్చింది, రోజూ వందసార్లు చూసే పెట్టె, ఇంత అందంగా ఉంటుందని ఎప్పుడూ గమనించలేదు. చెయ్యి వెనక్కి చాపింది. హెడ్ సిస్టర్ చీటీ ఇవ్వలేదు, ఇచ్చే ఓపిక లేనట్టు, పక్కకు వచ్చి నంబరు తనే చదివింది, ఒక్కో అంకె, పిల్లలకు చెప్పినట్టు. ఆమె కొట్టింది. తెర ఒక్క క్షణం ఆలోచించింది. టీచరమ్మ పేరు. వయసు. రక్తం గ్రూపు. పాత ఆపరేషను తేదీ. కింద ఎర్ర అక్షరాల్లో, ఏ మందు పడదో, ఎంత మోతాదుకి ఏమైందో, సంతకంతో సహా. హెడ్ సిస్టర్ పైకి చదవడం మొదలుపెట్టి రెండో లైనులో కళ్ళు తుడుచుకోవడానికి ఆగింది, మిగతాది పెద్ద డాక్టరుగారు చదివారు, చదువుతూనే ఫోను తీసి సర్జనుకి చెప్పారు. "ఆరో నంబరు గది. పదింటికి మొదలుపెట్టండి." ఆమె ఇంకో నంబరు కొట్టింది, తెరుచుకుంది. ఇంకోటి, పాతది, పదేళ్ళ కిందటిది. తెరుచుకుంది. నిపుణుడు రెండు ఫోన్లూ జేబులో పెట్టుకుని వచ్చి ఆమె భుజం పక్కనుంచి తెర మీదికి వంగాడు, చాలాసేపు చూశాడు. "ప్రతి వారం విప్పేసి బీరువాలో పెట్టేదానివా? ప్రతి వారం?" "ప్రతి శుక్రవారం సార్." "మా వాళ్ళకి నేను ఎన్నేళ్ళుగా చెప్తున్నానో" అని, వాక్యం పూర్తి చేయకుండా కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు, ఏ పని ఇస్తే ఆ పని చేయడానికి.

పెద్ద డాక్టరుగారు ఆమె వెనక నిలబడ్డారు. పొగుడుతారేమో, ఇక్కడ ఏడవకూడదు అనుకుంది. ఆవిడ పొగడలేదు. "బయట రెండు వందల మంది ఉన్నారు, మొన్నటినుంచి. నువ్వు వెళ్ళి చెప్పు."

"నేనా? మీరు చెప్తేనే కదా డాక్టరుగారూ—"

"గుండె గురించైతే నేను చెప్తాను."

హాలు తలుపు తీసేసరికి రెండు వందల మొహాలు ఒక్కసారిగా తిరిగాయి. ఎత్తు చాల్లేదు, బెంచీ చివర ఎక్కింది, బెంచీ మీద కూర్చున్నాయన కాళ్ళు ముడుచుకున్నాడు. సభలో మాట్లాడినప్పుడు కాగితం ఉంది, మైకు ఉంది, ఇక్కడ ఏమీ లేదు. "అందరూ వినండి" అంది, ఆ గొంతు నాన్న గొంతులా ఉంది, బస్సు మెట్ల మీద వేలాడేవాళ్ళని లోపలికి జరగమనే గొంతు. "మీ వివరాలు దొరికాయి. పోయిన శుక్రవారం పొద్దున్న తొమ్మిది దాకా ఉన్నవన్నీ ఉన్నాయి. ఆ తర్వాతవి సిస్టర్లు చేత్తో రాసి ఉంచారు, సాయంత్రానికల్లా ఎక్కిస్తాం. ఏ కాగితమూ పోలేదు. ఎవరికీ ఏమీ కట్టలేదు."

ముందు హాలంతా ఊపిరి తీసుకున్న చప్పుడు, తర్వాత గోల. ఎవరో చప్పట్లు కొట్టారు, ఇంకెవరో ఆసుపత్రిలో చప్పట్లేమిటని కసిరారు, కసిరినవాళ్ళే మళ్ళీ కొట్టారు. బెంచీ మీద కాళ్ళు ముడుచుకున్న ముసలాయన ఆమె చున్నీ కొస పట్టి లాగాడు.

"అమ్మాయ్, ఇంతకీ నువ్వెవరు?"

ఎవరు? ఆ జవాబుకి ఎన్నో ముందుమాటలు అలవాటు ఆమెకి. చదువు మధ్యలో ఆగిందండీ, సొంతంగా నేర్చుకున్నానండీ, ఏదో వీళ్ళు అవకాశం ఇచ్చారండీ. వాటిలో ఒక్కటీ ఇప్పుడు నోటికి రాలేదు.

"ఈ ఆసుపత్రి కంప్యూటర్లకి కాపలా నాదండీ" అంది.

ఆయన కింది నుంచి పైకి ఆమెను చూసి, జేబులోంచి నలిగిన టోకెను తీశాడు. "అయితే నీకే ఇవ్వాలా ఇది? మొన్నటినుంచి ఎవరూ తీసుకోవడం లేదు."

"ఇటివ్వండి" అంది ఆమె, బెంచీ మీదనుంచే చెయ్యి చాపి. టోకెను మీద ఇరవై మూడు. తలెత్తి, హాలు చివరిదాకా వినిపించేలా, "ఇరవై మూడు కంటే ముందున్నవాళ్ళు ఎవరు? ఒక్కొక్కరూ రండి. పేరు, పుట్టినతేదీ చెప్పండి" అని కేక వేసింది.